మూడో బోగీలో మీటింగు

ఆ బుక్కుని ఇంటింటికీ మోసింది నేనే. ముందే చెప్పేస్తున్నాను. తర్వాత ఇంకెవురో చెవిలో వేస్తే, మునిలక్ష్మమ్మ దాచిపెట్టిందని అనుకుంటారు. నేను దాచిపెట్టే రకం కాదు. నా నోరు ఊరికే ఉండదని మా అత్త బతికినన్నాళ్ళూ తిట్టింది, ఇప్పుడు నా కోడలు తిడతా ఉండాది.

చాంపియన్ రీఫ్స్‌లో పాత కోలారు బంగారు గని కూలీలుండే లైన్ల ఇండ్ల పక్కన సర్కారు బడి ఉండాది. ఆడ పదకొండేండ్లుగా నేను బిసియూట వండుతా ఉండాను. మధ్యాన్నం పిల్లలకి పెట్టే వేడన్నాన్ని ఈ పక్క అట్లే అంటారు. నేను పుట్టింది కామసముద్రంలో. పెండ్లయి ఈడికొచ్చినాను, వచ్చిన పదేండ్లకే గని మూసేసినారు, నా మొగుడు ఇంట్లో కూర్చున్నాడు, నేను గరిటె పట్టుకున్నాను. నా కథ అంతే. దాన్ని వదిలేయండి.

బుక్కు సంగతి చెప్తాను. బడికి తల్లిదండ్రుల కమిటీ ఒకటుండాది. నెలకో మీటింగు పెట్టాల, తీర్మానాలు రాయాల, సంతకాలు చేయాల. మీటింగు ఎప్పుడంటే శనివారం పదకొండు గంటలకి. మా లైన్లలో శనివారం పదకొండు గంటలకి ఎవురుంటారు? గని మూసినప్పట్నించి జనమంతా పొద్దున ఆరు గంటల రైలెక్కి బెంగుళూరు పోవడమే. ఒకరు గార్మెంట్సు, ఒకరు హౌస్‌కీపింగు, ఒకరు మార్కెట్లో మూటలు. చీకటి పడినాక వస్తారు. సోమవారం నించి శనివారం దాకా అదే బతుకు. ఆ టయానికి లైన్లలో ఉండేది ముసలోళ్ళు, కుక్కలు, గోడ మీద ఆరేసిన బట్టలు.

హెడ్మాస్టరు శ్రీనివాసమూర్తి సార్‌కి ఈ సంగతి తెలీదా అంటే, తెలుసు. కోలారు నించి బండి మీద వస్తాడు, తొమ్మిదేండ్లుగా వస్తా ఉండాడు. శనివారం పొద్దున పదిన్నరకి వాట్సాపు గ్రూపులో "నేడు సభ" అని పెడతాడు. ఎనిమిది కుర్చీలు వేయిస్తాడు. ఒక దాంట్లో ఆయన కూర్చుంటాడు. పదకొండున్నర దాకా చూస్తాడు. తల్లిదండ్రులకి శ్రద్ధ లేదమ్మా అని నాతో అంటాడు. అని, తీర్మానాలన్నీ ఆయనే రాసుకుని, ఆ బుక్కు నా చేతికిస్తాడు.

ఆదివారం చర్చి వదిలినాక నేను లైన్లలో పడతాను. ఒకరు కోడి కోస్తా ఉంటారు, ఒకరు ఉతుకుతా ఉంటారు, తడి చెయ్యి పావడకి తుడుచుకుని సంతకం పెడతారు. "ఏముండాదక్కా ఇందులో?" అంటారు. "ఏముంటాది, సున్నం, చాక్‌పీసులు. పెట్టు పెట్టు, నాకింగా నాలుగిండ్లుండాయి" అంటాను. నాకి చదువు రాదనుకోవద్దండి. ఐదో క్లాసు దాకా చదివినాను. తెలుగూ, కన్నడమూ రెండూ కూడబలుక్కుంటాను. సార్ చేతిరాత ముత్యాలు పేర్చినట్టుంటాది. అయినా ఒక్క ఆదివారమన్నా ఆ పేజీ చదవలేదు. చంకలో బుక్కు పెట్టుకుని పోతా ఉంటే అందరూ "రాక్కా, కూర్చో, కాఫీ తాగు" అంటారు చూడండి, ఆ గొప్ప నాకి తలకెక్కింది. అదీ నా తప్పు.

ఇంగ నాన్సీ సంగతి. పదకొండేండ్ల పిల్ల, ఆరో క్లాసు. పుట్టినప్పట్నించి చూపు తక్కువ. సోడాబుడ్డి అద్దాలు పెట్టుకున్నా, బోర్డు మీద సార్ రాసింది దానికి తెల్లగా పొగలాగా అగపడతాదంట. పుస్తకం ముక్కుకి ఆనించుకుంటేనే చదవతాది. "పుస్తకానికి ముద్దులు పెట్టే నాన్సీ" అని పిల్లనాయాళ్ళు ఏడిపిస్తారు. అది ఏడవదు. "మీకేం నొప్పి, నా పుస్తకం, నా ముద్దు" అంటాది. ఆ మాటకే నాకి ఆ పిల్లంటే ప్రాణం. వాళ్ళమ్మ సెలీన్ బెంగుళూరులో గార్మెంట్సుకి పోతాది. తండ్రి లేడు. ఇంట్లో తాత శాంతిరాజు, గనిలో ఇరవయ్యారేండ్లు పని చేసి, రాతి దుమ్మంతా రొమ్ములో పెట్టుకుని దగ్గుతా కూర్చునుంటాడు.

ఆ సోమవారం తుంపర పడతా ఉండింది. వంటింటి రేకులు కారతా ఉంటే పొయ్యి పక్కన బకెట్టు పెట్టుకుని సాంబారు తిప్పతా ఉండాను. పిల్లలు అన్నం తట్టలతో లైను కట్టినారు. నాన్సీ మాత్రం గేటు కాడే నిలబడుండాది. భుజాన బ్యాగు, చేతిలో తట్ట, నెత్తిన తుంపర.

"ఏమే, ఆడే నిలబడినావు? రా" అన్నాను.

"నన్ను లోపలికి రావద్దన్నారు ఆయమ్మా. నాకింగ ఇంట్లోనే చదువంట."

"ఎవురన్నది?"

"సార్. పొద్దున్నే చెప్పినారు."

"పొద్దున్నించి ఈడే ఉండావా?"

"ఇంటికి పోతే తాత బాధపడతాడు" అనింది.

నా ఒళ్ళు మండింది. గరిటె చేతిలో ఉండగానే ఆఫీసు రూములోకి పోయినాను. గరిటె నించి సాంబారు కారి సార్ గుమ్మంలో పడింది. పడనీ.

"ఏం సార్, నాన్సీని ఎందుకు నిలబెట్టినారు గేటు కాడ?"

ఆయన కోపం చేసుకునే మనిషి కాదు. మెత్తగా మాట్లాడతాడు, అదే నాకి ఇంగా మంట. "కూర్చోండి మునిలక్ష్మమ్మా" అన్నాడు. "ఆ అమ్మాయిని ఇంటి దగ్గర చదువు లిస్టులో వేసినాం. వారానికి ఒకసారి టీచరు ఇంటికే పోతుంది. బియ్యం, పప్పు కూడా ఇంటికే వస్తాయి. ఆమెకీ సుఖం."

"అది మంచం మీద నించి లేవలేని పిల్లలకి పెట్టిన స్కీము కదా సార్. ఈ పిల్ల నడిచి వస్తాది. పరిగెత్తతాది కూడా."

"నడిస్తే సరిపోతుందా అమ్మా? ఏడు క్లాసులకి ముగ్గురం టీచర్లం. ఆఫీసర్లు వచ్చి ఒక్కొక్కరినీ లేపి చదవమంటారు. ఆమె దగ్గరికి వచ్చేసరికి పావుగంట. మొత్తం బడికి చెడ్డపేరు. ఆమెకీ అవమానమే కదా?"

"ఎవురినడిగి చేసినారు?"

అప్పుడాయన సొరుగు తీసి, ఆ బుక్కు బయట పెట్టినాడు. నేను మోసిన బుక్కు. పేజీ తిప్పి నా పక్కకి జరిపినాడు. "నేను సొంతంగా ఏమీ చేయలేదు. కమిటీ తీర్మానం. వాళ్ళమ్మ కూడా సంతకం పెట్టింది. మీరే కదమ్మా తెచ్చిచ్చినారు?"

చదివినాను. ముత్యాల్లాంటి అక్షరాలు. కింద గుండప్ప సంతకం, ఇంగా ఐదారు సంతకాలు, ఆఖరున సెలీన్ సంతకం. ఆ ఆదివారం గుర్తుకొచ్చింది. వాకిట్లో నాన్సీని ముందర కూర్చోబెట్టుకుని సెలీన్ దానికి పేలు చూస్తా ఉండాది. నేను పోయి బుక్కిస్తే, ఆనించుకోవడానికి ఏమీ లేక, ఆ పిల్ల వీపు మీదే బుక్కు పెట్టుకుని సంతకం చేసింది. "కదలొద్దే" అని దాని నెత్తిన ఒకటి మొట్టింది కూడా. నేను నవ్వినాను. దేవుడా, నేను నవ్వినాను ఆ పొద్దు.

ఆయన ముందర ఏడవకూడదని గమ్మున బయటికొచ్చినాను. గేటు కాడికి పోయి నాన్సీ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, పిల్లల లైనుకి మొదట్లో నిలబెట్టి, సార్ కిటికీలోంచి చూస్తా ఉండగానే రెండు గరిటెలు ఎక్కువ వేసినాను.

సాయంత్రం గిన్నెలు కడిగినాక శాంతిరాజు ఇంటికి పోయినాను. ఆయన తలుపు కాడ స్టూలు మీద కూర్చునుండాడు. అరవమాయన, నాతో తెలుగులోనే మాట్లాడతాడు, చెల్లెలా అని పిలిచేది మాత్రం అరవంలో. ఆయన కాళ్ళ కాడ కూలబడి జరిగిందంతా చెప్పినాను. బుక్కు నేనే మోసినానని కూడా చెప్పినాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. చానాసేపు దగ్గినాడు.

"తంగచ్చీ," అన్నాడు, "ఆ మీటింగు బడిలోనే పెట్టాలని ఎవుడు చెప్పినాడు?"

"ఇంగ యాడ పెడతారన్నా?"

"మేము యూనియన్ మీటింగు యాడ పెట్టేటోళ్ళం అనుకుంటివి? ఆఫీసులోనా? గనిలోకి దిగే షాఫ్టు కాడ. ఫస్టు షిఫ్టు పైకొస్తాది, సెకండు షిఫ్టు కిందికి పోతాది. మధ్యలో పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లోనే మాట్లాడేది, చేతులెత్తేది. జనం యాడుంటే ఆడ మీటింగు. తాముండే చోటికి జనాన్ని పిలుచుకునేది దొరలు."

"మన జనం ఇప్పుడు యాడుండారన్నా?"

ఆయన నవ్వినాడు. నవ్వితే మళ్ళీ దగ్గొచ్చింది. దగ్గు ఆగినాక రైలు పట్టాల పక్కకి చెయ్యి చూపించినాడు.

మర్నాటి నించి నాన్సీని నా వంటింట్లో కూర్చోబెట్టుకున్నాను. వంటింటి కిటికీ ఆరో క్లాసు పక్కనే. పాఠం వినపడతాది. బియ్యం బస్తా మీద కూర్చుని అది వింటా, ముక్కు నోట్‌బుక్కుకి ఆనించి రాసుకుంటా ఉండింది. సార్ వచ్చి చూసినాడు.

"ఏమిటమ్మా ఇది?"

"వంటింట్లోకి రాకూడదని మీ బుక్కులో రాయలేదు కదా సార్."

వెనక్కి తిరిగి ఆఫీసు రూములోకి పోయినాడు. ఆ వారమంతా అట్లే నడిచింది.

శుక్రవారం మళ్ళీ పిలిచినాడు. బుక్కు బల్ల మీద ఉండాది. "వంటింటి కప్పుకి రేకులు శాంక్షన్ అయ్యేలా ఉన్నాయి. తీర్మానం కావాలి. సోమవారం సాయంత్రానికి పై ఆఫీసులో ఇవ్వాలి. రేపు మీటింగు రాసేస్తాను, ఆదివారం సంతకాలు తెచ్చేయండి. మీకోసమే కదా, ఎన్ని రోజులు తడుస్తారు?"

నిజం చెప్తాను, మనసు లాగింది. మూడు వానాకాలాలు ఆ బకెట్టుతో అవస్థ పడినాను. కొత్త రేకులు కండ్ల ముందర మెరిసినాయి. కానీ ఆ పిల్ల వీపు గుర్తుకొచ్చింది.

"నేను మోయను సార్."

"అంటే?"

"అంటే మోయను. సంతకాలు కావాలంటే మీరే రండి. సోమవారం పొద్దున్నే రైల్లో మూడో బోగీలో మీ కమిటీ మొత్తం ఉంటాది. ఆడ చదవండి, ఆడ పెట్టించుకోండి."

ఆయన ముఖం మారింది. "రైల్లో మీటింగా? మునిలక్ష్మమ్మా, మీ ఉద్యోగం కూడా కమిటీ చేతుల్లోనే ఉంది. మర్చిపోవద్దు."

"అయితే ఇంగా మంచిది. ఆ కమిటీనే అడుగుదాం రండి" అన్నాను. అనేసి పొయ్యి కాడికి వచ్చేసినాను.

కమిటీ అధ్యక్షుడు గుండప్ప. ఆయన కొడుకు నాలుగో క్లాసు. శనివారం పొద్దున ఆరు గంటలకి స్టేషన్లో పట్టుకున్నాను. బెంగుళూరు మార్కెట్లో మూటలెత్తే మనిషి, నా పక్కన నిలబడితే గుమ్మానికి అడ్డం నిలబడినట్టుంటాడు. సార్ పేరెత్తితే మాత్రం పిల్లోడైపోతాడు.

"అక్కా, నేను అధ్యక్షుడినని నాకే గుర్తుండదు. ఎందుకొచ్చిన గొడవ?"

"గొడవా? నువ్వు సంతకం పెట్టి ఒక పిల్లని బడి నించి బయటికి తోసినావు, తెలుసా? నేనూ తోసినాను. రేపు నీ కొడుకు పేరు రాస్తే అప్పుడూ పెడతావా?"

గుండప్ప నోరు తెరుచుకున్నాడు. "నాన్సీనా? సున్నం అన్నావు కదక్కా?"

"అన్నాను. నా నాలుక కోసేయ్. ముందు ఫోను తియ్యి."

గ్రూపులో ఆయన చేతే పెట్టించినాను. సోమవారం పొద్దున రైల్లో, మూడో బోగీలో మీటింగు, హెడ్మాస్టరు గారు బుక్కుతో రావాల, ఇట్లు అధ్యక్షుడు. పెట్టినాక ఆయన చెమట తుడుచుకున్నాడు. "సార్‌కి కోపమొస్తాదేమో అక్కా."

"రానీ. నాకొచ్చి వారమైంది."

ఆదివారం సెలీన్ చర్చి నించి నేరుగా నా ఇంటికొచ్చింది. లోపలికి రాలేదు. వాకిట్లో నిలబడి, "నా చేత్తోనే పెట్టినానక్కా" అని తన చెయ్యి తానే కొట్టుకుంది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. ఇద్దరం ఏడ్చినాం. ఏడుపు అయినాక, "రేపు లేడీసు బోగీ ఎక్కొద్దు, మూడోది ఎక్కు" అని చెప్పి పంపినాను.

సోమవారం. నాతో వండే ఆమెకి పొయ్యి అప్పజెప్పినాను. స్టేషన్లో నేను, నాన్సీ, కర్ర పట్టుకుని శాంతిరాజు. సార్ వస్తాడా అని రోడ్డు పక్కే చూస్తా ఉండాను. రైలు కూత వినపడే టయానికి ఒక చేతిలో హెల్మెట్టు, ఒక చేతిలో ప్లాస్టిక్ కవర్లో బుక్కు, వానకోటు నించి నీళ్ళు కారతా వచ్చినాడు.

"బంగారుపేటలో దిగి వెనక్కి వచ్చేస్తాను" అన్నాడు నన్ను చూడకుండా.

"టికెట్టు తీసినాను సార్" అని చేతిలో పెట్టినాను.

మూడో బోగీలో ఎప్పటి జాతరే. టవలు పరిచి పేకాడే మొగోళ్ళు, మల్లెపూలు కట్టుకునే ఆడోళ్ళు, కిటికీకి తల ఆనించి నిద్రపోయేటోళ్ళు. కమిటీ వాళ్ళు సగం మంది నిలబడే ఉండారు. సార్‌కి సీటిచ్చినారు. గుండప్ప పై కడ్డీ పట్టుకుని నిలబడి, "మీటింగు మొదలు" అన్నాడు, ఎవురికీ వినపడలేదు. "గట్టిగా అప్పా, మూట ఎత్తేటప్పుడు అరుస్తావు కదా అట్లా" అన్నాను. అరిచినాడు. పేకాట ఆగింది.

సార్ రేకుల తీర్మానం గడగడా చెప్పేసినాడు. బుక్కు చూడనే లేదు, రాసింది ఆయనే కదా. "సంతకాలు పెట్టండి" అన్నాడు.

"ఆగండి సార్," అనింది సెలీన్. "పోయిన నెల రాసింది చదవండి."

"అది అయిపోయిందమ్మా."

"నాకు అయిపోలేదు. చదవండి."

"చదవండి సార్," అన్నాడు గుండప్ప. ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చినందుకు ఆయనే ఉలిక్కిపడినాడు.

సార్ పేజీ తిప్పినాడు. జేబులు తడుముకున్నాడు. పై జేబు, ప్యాంటు జేబు, కోటు జేబు. చదివే అద్దాలు లేవు, వాన హడావుడిలో బండి డిక్కీలో వదిలేసినాడు. బుక్కుని దూరం పెట్టి చూసినాడు. ఇంగా దూరం పెట్టినాడు. చెయ్యి చాచినంత మేరా చాచినాడు. రైలు ఊగతా ఉండాది, లైటు మినుకుమినుకుమంటా ఉండాది.

"అయ్యో పాపం, సార్‌కి చెయ్యి చాలడం లేదు" అనింది పూలు కట్టే ముసలామె. బోగీ అంతా గొల్లుమనింది.

నా నోరు ఆగలేదు. "ఏం గుండప్పా, సార్‌కి చదవడం రాలేదు. ఈయన్ని కూడా ఇంటి కాడ లిస్టులో వేసేద్దామా? వారానికొకసారి టీచరు పోతాది, బియ్యం, పప్పు ఇంటికే వస్తాయి, సుఖం."

ఈసారి నవ్వింది తక్కువ మంది. సార్ ముఖం ఎర్రబడింది. తల దించుకున్నాడు. అప్పుడు శాంతిరాజు కర్రతో నేల మీద తట్టి, "బుక్కు పిల్లకియ్యండి" అన్నాడు.

"ఆ అమ్మాయి చదవలేదండీ," అన్నాడు సార్. పాపం, పొగరుతో అన్నది కాదు. నిజంగా అట్లే నమ్మినాడు. అదే నాకి ఎక్కువ బాధ.

నాన్సీ బుక్కు తీసుకుంది. అద్దాలు తీసి వాళ్ళమ్మ ఒళ్ళో పెట్టింది. పేజీని ముక్కుకి ఆనించింది. ఊర్గాం స్టేషన్లో రైలు ఆగి బయలుదేరింది. చానాసేపు ఏమీ వినపడలేదు. సార్ వాచీ చూసుకున్నాడు. ఒకడు ఏదో అనబోతే గుండప్ప వాని నోరు మూసేసినాడు, అక్షరాలా చేత్తోనే మూసేసినాడు. తర్వాత దాని గొంతు వచ్చింది. ఒక్కొక్క అక్షరం. తల ఎడమ నించి కుడికి మెల్లగా జరగతా ఉండాది, వరుస అయిపోతే మళ్ళీ ఎడమకి వస్తా ఉండాది. రాసింది కన్నడంలో, నేను మన మాటలో చెప్తాను.

"ఆరో తరగతి... విద్యార్థిని... నాన్సీకి... చూపు లోపం వల్ల..."

ఆగింది. ఊపిరి తీసుకుంది.

"చదవడం... రాదు... కాబట్టి..."

నిద్రపోయేటోళ్ళు కూడా లేచి కూర్చున్నారు. అది ఆపలేదు. తల్లిదండ్రుల సమ్మతితో బడి నించి ఇంటి కాడికి మార్చడమైనది అనే దాకా మొత్తం చదివింది. ఆ నాలుగు వరుసలు అయ్యేసరికి కోరమండల్ వచ్చేసింది. అయినా ముక్కు పైకెత్తలేదు. కిందికి జరిగింది.

"గుండప్ప," అని చదివింది. గుండప్ప కడ్డీ వదిలేసి తూలినాడు. ఒక్కొక్క పేరూ చదివింది. పేరు చదివినప్పుడల్లా ఒక్కొక్కరు నేల చూసినారు. ఆఖరిది చదివి తలెత్తింది.

"సెలీన్. అమ్మా, ఇది నా వీపు మీద పెట్టి రాసినావే, అదేనా?"

సెలీన్ బిడ్డని దగ్గరికి లాక్కుని, దాని వీపు రుద్దతా ఉండిపోయింది, ఆ సంతకం అంటుకునుంటే తుడిచేసేదాని మాదిరి. పూలు కట్టే ముసలామె ముక్కు చీదింది. నేను సార్‌ని చూసినాను. ఆయన బుక్కుని చూడలేదు, నన్నూ చూడలేదు. నాన్సీని చూస్తా ఉండాడు.

"ఎన్నాళ్ళ నించి ఇట్లా చదువుతున్నావు?" అన్నాడు మెల్లగా.

"మొదట్నించీ, సార్. మీరు నన్ను లేపతారు, వెంటనే కూర్చోమంటారు కదా. నేను అప్పటికి ఇంగా రెండో మాట కాడ ఉంటాను."

సెలీన్ లేచి నిలబడింది. నోట్లో నాలుక లేని మనిషని పేరు దానికి. "రాయండి సార్. నా బిడ్డని మళ్ళీ క్లాసులోకి తీసుకున్నామని రాయండి. ఆ ఇంటికొచ్చే టీచరు బడికే రావాలని రాయండి. పెద్ద అక్షరాల పుస్తకాలు తెప్పిస్తామని రాయండి. పరీక్షలో దానికి ఇంకో గంట ఇస్తామని రాయండి. అది దయ కాదు సార్. దాని హక్కు."

"రాయండి సార్," అన్నాడు గుండప్ప. ఈసారి ఉలిక్కిపడలేదు.

సార్ రాసినాడు. అద్దాలు లేకుండా రాసినాడు, అక్షరాలు వంకరటింకరగా పోయినాయి, ముత్యాలు లేవు ఏమీ లేవు. రాసింది నాన్సీ మళ్ళీ చదివి వినిపించింది. తర్వాత బుక్కు చేతులు మారింది. ఈసారి ప్రతి ఒక్కరూ వేలు పెట్టి చదువుకున్నారు, రానోళ్ళు పక్కోళ్ళ చేత చదివించుకున్నారు. రేకుల తీర్మానం కూడా చదివినారు, దానికీ పెట్టినారు. నా వంటిల్లు కూడా బతికిపోయింది లెండి.

ఈ లోపల బంగారుపేట వచ్చేసింది. సార్ హెల్మెట్టు పట్టుకుని లేచినాడు. గుండప్ప దారికడ్డంగా నిలబడినాడు. "ఇంగా నలుగురుండారు సార్. చదివి కదా పెట్టాల?" సార్ మళ్ళీ కూర్చున్నాడు. రైలు కదిలింది. హెడ్మాస్టరు తొమ్మిదేండ్లలో మొదటిసారి మా జనంతో పాటు బంగారుపేట దాటినాడు.

టేకల్‌లో దిగినాము నలుగురం, సార్, నేను, నాన్సీ, శాంతిరాజు. వెనక్కి పోయే రైలుకి ముప్పావు గంట ఉండాది. ప్లాట్‌ఫారం మీద మేము తప్ప ఒక పిట్ట లేదు. వాన నిలిచింది. సార్ సిమెంటు బెంచీ మీద ఒక చివర కూర్చున్నాడు, మేము ఇంకో చివర. ఆయన్ని నలుగురిలో అంత మాట అన్నానే అని నాకి కొంచెం అనిపించింది. అనిపించినా, క్షమించమని అడగలేదు. అడగను కూడా.

కాసేపటికి ఆయన షర్టు జేబులోంచి చాక్‌పీసు తీసినాడు. అద్దాలు మర్చిపోయినా అది మర్చిపోడు. లేచి, ఎదురుగ్గా టికెట్ల రూము గోడ కాడికి పోయి, తడి ఆరిన చోట ఒక మాట రాసినాడు.

"నాన్సీ, ఇక్కడికి వచ్చి చూడు. మొదటి బెంచీలో కూర్చుంటే కనిపిస్తుందా?"

నాన్సీ గోడ కాడికి పోయింది. చూసింది. తర్వాత వెనక్కి నడవడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు అడుగులు. మొదటి బెంచీ దూరం దాటింది. రెండో బెంచీ దూరం దాటింది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు సార్.

"నా జతోళ్ళు మూడో బెంచీలో ఉంటారు సార్. నేనూ ఆడే కూర్చుంటాను."

ఆయన చెరిపి, పెద్దగా రాసినాడు.

"అగపడలేదు సార్."

మళ్ళీ చెరిపినాడు. చాక్‌పీసు అడ్డంగా పట్టుకుని, చెయ్యి మొత్తం తిప్పి, మూరెడు అక్షరం రాసినాడు. రాసి వెనక్కి తిరిగినాడు. చేతులు, ప్యాంటు అంతా తెల్లటి దుమ్ము.

నాన్సీ నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఉన్న చోటనే నిలబడింది. ఒక్క అడుగు కూడా ముందుకి వేయలేదు.

"ఇంగా పెద్దగా, సార్" అనింది.